నడుమెత్తే క్షణం
ఫోటోగ్రఫీ: సందేహాలు - సమాధానాలు

నాట్లు మొదలయ్యాయంటే చాలు, కెమెరాలు పట్టుకుని పొలాల మీద పడేవాళ్ల ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వ్యవసాయ కూలీల పోర్ట్రెయిట్ల గురించే ఇన్ని వచ్చాయి గనక మిగతా ప్రశ్నలను వచ్చే నెలకి వాయిదా వేశాను. ఒకేలాంటి ప్రశ్నలు అడిగినవాళ్ల ఉత్తరాలను కలిపేశాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్ల ఫోటోలు తీద్దామని పొద్దున్నే వెళ్లాను. మధ్యాహ్నం దాకా తీసినా ఒక్క ముఖమూ సరిగ్గా రాలేదు, అన్నీ వంగిన వీపులే. నా దగ్గర ఉన్నది ఫోన్ మాత్రమే. కెమెరా కొనక తప్పదా?
- డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: కెమెరా మాట తర్వాత, ముందు మీరు ఎక్కడ నిలబడ్డారో గుర్తు తెచ్చుకోండి. నాటేవాళ్లు ముందుకు నడవరు, నాటుతూ వెనక్కి జరుగుతారు. ఇంకా నాటని వైపు గట్టు మీద మీకు తిరగడానికి వీలుగా ఉంటుంది, కాబట్టి అక్కడే నిలబడి ఉంటారు. అక్కణ్నుంచి వీపులు కాక ఇంకేం కనిపిస్తాయి? ముఖాలన్నీ అప్పుడే నాటిన వైపు ఉంటాయి. అలాగని ఆ మడిలోకి దిగారంటే నారు తొక్కుతారు, తిట్లు తింటారు.

మునుం పట్టే గట్టు ఏదో ముందే అడిగి తెలుసుకుని, వాళ్లకంటే ముందు అక్కడ కూర్చోండి. నిలబడకండి, గట్టు మీద చతికిలబడండి. వంగినవాళ్ల ముఖం మీ మోకాళ్ల ఎత్తులో ఉంటుంది, ఫోనూ ఆ ఎత్తులోనే ఉండాలి. పైనుంచి తీస్తే మనిషి కుంచించుకుపోయినట్టు కనబడుతుంది. మొదటి వరసలు నాటేటప్పుడు వాళ్లు మీకు రెండు మూడు గజాల దూరంలోనే ఉంటారు. ఆ తర్వాత దూరమైపోతారు. అప్పుడు పక్క గట్టుకి మారి వరస చివర ఉన్న మనిషిని చూసుకోండి.

ఇక అసలు సంగతి. వంగి ఉన్నంతసేపూ ముఖంలో పెద్దగా మార్పు ఉండదు, ధ్యాసంతా వేళ్ల మీదే. ఎడమ చేతిలో నారు అయిపోయి కొత్త కట్ట కోసం లేచినప్పుడు చూడండి. నడుం మీద చెయ్యి వేసి, కొంచెం కొంచెంగా లేస్తారు. ముందు కళ్లు చిట్లుతాయి. పూర్తిగా లేచాక ఒక ఊపిరి వదులుతారు, పెదాలు వదులవుతాయి. ఆ తర్వాత చూపు ఎటో దూరంగా, ఇంకా ఎంత మడి మిగిలిందో చూడటానికి పోతుంది. ఈ మూడూ రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. ఫోన్‌లో బర్స్ట్ పెట్టి మొత్తం తీసి, మూడోదాన్ని ఏరుకోండి. చాలామంది మొదటి దాన్నే ఎంచుకుంటారు, అందులో నొప్పి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి. మిగిలిన మడిని లెక్కగట్టే చూపులో ఆ మనిషి తెలివీ అనుభవమూ కనిపిస్తాయి. నా ఓటు దానికే.

ఫోన్‌లోని మామూలు కెమెరా చాలా వెడల్పుది, పాత లెక్కలో 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్స్ లాంటిది. దాంతో ముఖం దగ్గరికి వెళితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. రెండింతలు లేదా మూడింతలు జూమ్ ఇచ్చే లెన్స్‌కి మారి, రెండు మీటర్లు వెనక్కి జరగండి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. తలకు చుట్టిన తువ్వాలు అంచులు, నారు కొసలు ఏవి ముఖానివో ఏవి వెనక ఉన్నవో దానికి తెలియక, సగం కొసల్ని చెరిపేసి పెడుతుంది.

ప్రశ్న: మిరప కోతలప్పుడు తీసిన ఫోటోల్లో ముఖాలు నల్లగా మాడిపోతున్నాయి. కల్లం దగ్గర తీస్తే ఎర్రగా కాలినట్టు వస్తున్నాయి. ఎడిటింగ్‌లో సరిచేయబోతే చర్మం బూడిద రంగుకి తిరుగుతోంది. డీఎస్ఎల్ఆర్ వాడుతున్నాను.
- స్టూడియో నడిపే పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెంటికీ ఒకే మందు వేయబోతున్నారు.

మొదటిది మీటరు సంగతి. మీ కెమెరా ఏ దృశ్యాన్ని చూసినా దాన్ని మధ్యస్థమైన బూడిద రంగు వెలుతురుగా లెక్కేసుకుంటుంది. ఫ్రేములో ఎండకి మెరిసే ఆకాశం, తలకు చుట్టిన తెల్ల తువ్వాలు ఉంటే వాటిని కిందికి లాగుతుంది, వాటితో పాటు ముఖమూ మాడిపోతుంది. స్పాట్ మీటరింగ్‌కి మారి చెంప మీద కొలవండి. కానీ అక్కడితో ఆగితే చామనఛాయ, నలుపు ముఖాలు ఉన్నదానికంటే తెల్లగా వచ్చేస్తాయి. పెళ్లి ఆల్బమ్‌లో అది చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. కొలిచిన దానికంటే మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా తగ్గించండి. నలుపు నలుపుగానే ఉండాలి, అందులో మెరుపు ఉండాలి. చెమట పట్టిన నల్లటి నుదురు పక్కవెలుతురులో ఎంత బాగుంటుందో స్టూడియోవాళ్లకి నేను చెప్పాలా!

రెండోది రంగు సంగతి. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు కింద పరిచిన పెద్ద ఎర్ర రిఫ్లెక్టర్. గడ్డం కింద, ముక్కు కింద, కనురెప్పల కింద ఆ ఎరుపు పడుతుంది. అది అబద్ధం కాదు, అక్కడున్న వెలుతురే అది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆటో వైట్ బ్యాలెన్స్ అంత ఎరుపుని చూసి దాన్ని చంపడానికి నీలాన్ని కలుపుతుంది. వైట్ బ్యాలెన్స్‌ని ఎండకి, అంటే 5200 నుంచి 5500 కెల్విన్ మధ్య, కదలకుండా పెట్టేయండి. హిస్టోగ్రామ్‌లో మామూలు గీతని నమ్మకండి, ఎరుపు ఛానల్‌ని విడిగా చూడండి. మొత్తం వెలుతురు బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే ఎరుపు మాత్రం కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. గుద్దుకుందంటే అక్కడ కాయకీ కాయకీ మధ్య తేడా పోయి ఎర్ర ముద్ద మిగులుతుంది. కొంచెం తగ్గించి, రా ఫార్మాట్‌లో తీయండి. ఎడిటింగ్‌లో ఫోటో మొత్తం మీద ఎరుపు తగ్గిస్తున్నారు కాబట్టే చర్మం బూడిద పాలవుతోంది. చర్మం ప్రాణమే ఎరుపులో ఉంది. తగ్గించాలనుకుంటే ముఖానికి మాస్క్ వేసి, గడ్డం కింద మాత్రం కాస్త తగ్గించండి.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కళ్లు గుంటల్లో పడిపోతాయి. దానికి చెట్టు నీడే దిక్కు. అయితే కొమ్మల కింద లోపలికి వెళితే ఆకుల పచ్చదనం ముఖాల మీద పడుతుంది. నీడ అంచున, బయటి ఆకాశం వైపు తిరిగి కూర్చోమనండి. నీలం టార్పాలిన్ నీడలో మాత్రం తీయకండి, ముఖాలు జబ్బుపడ్డట్టు వస్తాయి. ఖాళీ యూరియా బస్తా కింద పరిస్తే చక్కటి రిఫ్లెక్టర్, పైసా ఖర్చు లేదు.

ఘాటుకి ముక్కూ నోరూ కట్టుకునే కోస్తారు కదా, మరి హావభావాలెక్కడ అని ఇంకో పాఠకుడు అడిగారు. కట్టు విప్పమని అడగకండి. కళ్లూ కనుబొమలూ చాలు, వాటితో పాటు చేతుల్ని ఫ్రేములోకి తెచ్చుకోండి. ఆ తువ్వాలూ, చీర మీద తొడుక్కున్న పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా కూడా ఆ పని రూపమే.

ప్రశ్న: కెమెరా ఎత్తగానే బిగుసుకుపోయి నిలబడతారు, లేదా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. సహజంగా ఉండమంటే ఇంకా బిగుసుకుంటున్నారు.
- ఉపాధ్యాయుడు, నారాయణపేట

జవాబు: "సహజంగా ఉండండి" అని చెబితే ఎవరూ సహజంగా ఉండలేరు, మీరైనా నేనైనా.

వాళ్లు బిగుసుకుని నిలబడే ఫోటోని ముందు మనస్ఫూర్తిగా తీయండి. చేతులు కిందికి పెట్టి, నిటారుగా, కెమెరాలోకి సూటిగా చూడటం వాళ్ల దృష్టిలో ఫోటో దిగడమంటే. ఆధార్‌కీ పింఛనుకీ దిగింది అలాగే, పెళ్లిలో దిగింది అలాగే. అందులో ఒక మర్యాద ఉంది. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆగస్ట్ సాండర్ 1914లో తీసిన 'యువ రైతులు' ఫోటో దొరికితే చూడండి. సూట్లు, టోపీలు, చేతికర్రలతో డ్యాన్సుకి పోతున్న ముగ్గురు కుర్రాళ్లు దారిలో ఆగి కెమెరా వైపు తిరిగి నిలబడ్డారు. మట్టి లేదు, నాగలి లేదు. వందేళ్లు దాటినా ఆ ముగ్గురి ధీమా చెక్కుచెదరలేదు. మీ ఊరి కూలీ ఎవరైనా "ఆగు సారూ, మంచి చీర కట్టుకొస్తా" అంటే ఆగండి. పనిబట్టలతో ఉంటేనే అసలైన ఫోటో అన్నది మన పట్టుదల, వాళ్లది కాదు.

ఆ ఫోటో అయ్యాక కెమెరా దించి మాట్లాడండి. కష్టాలు అడగొద్దు. కష్టాలు అడిగితే ముఖాలు కష్టాల ముఖాలుగా మారతాయి, మీకు కావలసింది ఇదేనని వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. పని గురించి అడగండి. ఈ గడ్డి మందుకి చస్తదా, చేత్తోనే పీకాల్నా? ఈ కొడవలి ఎవరు చేసిండ్రు? పనిలో మీరు అజ్ఞాని, వాళ్లు పండితులు. మీకు నేర్పేటప్పుడు ముఖాలు విచ్చుకుంటాయి, చేతులు వాటంతటవే లేస్తాయి. ఇంకో మాట, కారు దిగిన కుర్రవాళ్లు తల్లి వయసు ఆవిడని "ఏమ్మా, ఇటు చూడు" అనడం చాలాసార్లు చూశాను. అలా పిలిపించుకున్న ముఖంలో ఏం కనిపించాలి? పెద్దమ్మ అనో అక్క అనో వరస కలిపి, మీరు అనండి.

దిష్టి తగులుతుందనీ ఫోటో వద్దనీ ముసలివాళ్లెవరైనా అంటే వాదన పెట్టుకోకండి.

పత్తి మీ జిల్లాలోనూ ఉంది కాబట్టి ఒక చిట్కా. పత్తిని మంచు ఆరాకే తీస్తారు, అందువల్ల ఉదయపు మెత్తటి వెలుతురు మీకు ఉపయోగపడదు. సాయంత్రం తూకం దగ్గరికి వెళ్లండి. కిలోల లెక్కన కూలి అయితే ఎవరి మూట వాళ్లు కొక్కేనికి తగిలిస్తారు, ముల్లు ఆగేదాకా అందరి కళ్లూ దాని మీదే. ఆశ, అనుమానం, పక్కావిడతో పోటీ, అంకె వినగానే వేళ్ల మీద లెక్క. కెమెరా ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. పక్కనే ఉన్న పత్తి కుప్ప గడ్డాల కింద నీడల్ని తీసేస్తుంది. తూకంలో మోసం జరుగుతోందని గొడవ మొదలైతే మాత్రం మీ ఫోటో ఎవరి చేతిలో ఆయుధమవుతుందో ఆలోచించుకుని తీయండి.

ప్రశ్న: రైతు మా బంధువే, ఎన్ని ఫోటోలైనా తీసుకోమన్నాడు. కూలీలని విడిగా అడగాలా? డబ్బు ఇవ్వాలా?
- బ్యాంకు ఉద్యోగి, తణుకు

జవాబు: అడగాలి. రైతు అనుమతి ఇచ్చింది తన పొలంలో అడుగు పెట్టడానికి. మనుషుల ముఖాల మీద అనుమతి ఇచ్చే హక్కు ఆయనకి లేదు. పైగా ఆయన పక్కనే ఉండి "దిగండి, మావాడే" అంటే, రేపు మళ్లీ ఆయన పొలానికే పనికి రావాల్సినవాళ్లు కాదని ఎలా అంటారు? అది ఒప్పుకోవడం కిందికి రాదు. మన పల్లెల్లో పొలం ఎవరిదో, కూలి ఎవరిదో, ఆ ఇద్దరి కులాలేమిటో తెలియనట్టు నటించనక్కర్లేదు. బంధువుని ఇంటి దగ్గర ఉండమని, మీరొక్కరే వెళ్లి ముందు ముఠా మేస్త్రితో, తర్వాత ఒక్కొక్కరితో మాట్లాడండి. ఒకరిద్దరు వద్దంటారు. వద్దన్నవాళ్లు ఉన్నారంటే మిగతావాళ్లు నిజంగానే ఒప్పుకున్నారని అర్థం.

డబ్బు సంగతి మీద ఫోటోగ్రాఫర్లలో ఏకాభిప్రాయం లేదు. నా పద్ధతి చెబుతాను. పని జరుగుతుండగా, ఎవరినీ ఆపకుండా తీసినదానికి డబ్బు ఇవ్వను, ఇస్తే మరుసటి రోజు నుంచి పని మాని పోజులిస్తారు. పని ఆపించి కూర్చోబెడితే మాత్రం ఆ సమయానికి కూలి కట్టాల్సిందే. అదీ ఆ ఒక్క మనిషికి ఇస్తే సరిపోదు. ఎకరాకి ఇంతని గుత్తకి ఒప్పుకున్న ముఠాలో ఒకరు లేస్తే ఆ మనిషి వంతు పక్కవాళ్ల మీద పడుతుంది. అందుకని ఇచ్చేది మేస్త్రి చేతికి, అందరూ చూస్తుండగా, ముఠా మొత్తానికి ఇవ్వండి. లేదంటే అన్నాలు తినే వేళ దాకా ఆగండి, ఎవరి పనీ చెడదు. అయితే నోట్లో ముద్ద పెట్టుకునేటప్పుడు తీయకండి. చేతులు కడుక్కున్నాక, ఆకూవక్క నోట్లో పడ్డాక ముచ్చట్లు మొదలవుతాయి, అప్పుడు తీయండి.

చట్టం ప్రకారం, 1957 కాపీరైట్ చట్టం కింద ఫోటో మీద మొదటి హక్కు మామూలుగా తీసినవారిదే. తీసినవారు బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అంతమాత్రాన ఆ ముఖాన్ని ఎరువుల కంపెనీ ప్రకటనకి అమ్మేయొచ్చని అర్థం చేసుకోవద్దు. వ్యాపారానికి వాడాలంటే తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఎంత వస్తే ఎంత ఇస్తారో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

ప్రశ్న: పోర్ట్రెయిట్‌కి 85 కొనమంటారా, 50 కొనమంటారా?
- అనంతపురం, సిద్దిపేట, శ్రీకాకుళం నుంచి ముగ్గురు

జవాబు: ఒక్కటే కొనగలిగితే 50. ముఖంతో పాటు చేతులూ పనిముట్టూ ఫ్రేములోకి వస్తాయి. 85 తో f/1.8 దగ్గర తీస్తే వెనకున్న పొలమంతా కరిగిపోయి, మనిషి మడిలో ఉన్నదో, స్టూడియోలో ఉన్నదో తెలియదు. ఏ లెన్స్‌తోనైనా f/4, f/5.6 దగ్గర ఉండండి. నాటే చేయి స్పష్టంగా రావాలంటే సెకనులో 500వ వంతు, చేయి చెదిరి ముఖం నిలవాలంటే 60వ వంతు.

ప్రశ్న: మా క్లబ్ పోటీల్లో ముడతలు పడ్డ ముసలి రైతుల నలుపు తెలుపు ఫోటోలకే బహుమతులు వస్తున్నాయి. నేనూ అదే దారి పట్టాలా? సాల్గాడో కూడా నలుపు తెలుపులోనే తీశాడు కదా?
- కెమెరా క్లబ్ సభ్యుడు, విజయవాడ

జవాబు: బహుమతే కావాలంటే ఆ దారి దగ్గర. తెల్ల గడ్డం, బీడీ పొగ, పైకప్పు కంతలోంచి ఒక వెలుతురు చార, క్లారిటీ స్లైడర్ చివరిదాకా. జ్యూరీలకి ఇంకా మొహం మొత్తినట్టు లేదు, నాకు మాత్రం మొత్తింది.

ముడతలు వయసు గురుతులు. ఆ మనిషి నిద్రపోతున్నా అవి అలాగే ఉంటాయి. భావం కదిలే చోట్లు వేరు. కనుబొమల మధ్య, కింది రెప్పల కింద, పెదవి మూలల్లో, మెడ నరాల్లో చూడండి. క్లారిటీ పెంచితే ఈ సన్నటి కదలికలన్నీ గీతల అడవిలో తప్పిపోతాయి. పాతికేళ్ల మిరప కూలీ ముఖంలో ఒక్క ముడత లేకపోయినా చెప్పడానికి బోలెడంత ఉంటుంది, ఆ ఫోటో మీ క్లబ్ గోడ మీద ఎప్పుడైనా చూశారా?

బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ సాల్గాడో మాటకొస్తే, ఆయన చదువుకున్నది ఆర్థికశాస్త్రం. కాఫీ వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సంస్థలో ఉద్యోగం చేసి, పంటా కూలీ ధరా ఎలా ముడిపడి ఉంటాయో చూసి, 1973 ప్రాంతంలో కెమెరా వైపు వచ్చాడు. 1993లో వచ్చిన 'వర్కర్స్' పుస్తకంలో చెరకు నరికేవాళ్లని చూడండి. కత్తి ఎలా పట్టుకుంటారో, మసి ఎక్కడెక్కడ అంటుతుందో, బట్టలు ఎలా చుట్టుకుంటారో తెలుస్తుంది. బాధని మరీ అందంగా చూపాడని ఆయన్ని విమర్శించినవాళ్లూ ఉన్నారు, ఆ వాదనలో కొంత బలం ఉందనే నా అభిప్రాయం. ఆయన దగ్గర తీసుకోవలసింది పని తెలిసిన చూపు, రంగు తీసేయడం కాదు.

ఏది రంగులో, ఏది నలుపు తెలుపులో అంటారా? నిజామాబాద్ వైపు పసుపు ఉడికించేటప్పుడు ఆవిరి మధ్య నిలబడ్డ మనిషి నలుపు తెలుపులో బ్రహ్మాండంగా ఉంటాడు. అదే మనిషి పసుపు పట్టిన అరచేతుల్ని చూపిస్తే రంగు తీసేయడం పాపం.

ప్రశ్న: పత్తి చేలో పనిచేసే పదేళ్ల పాప కళ్లు అద్భుతంగా వచ్చాయి. పోటీకి పంపొచ్చా?
- పేరు వద్దన్నారు

జవాబు: వద్దు. కార్మిక చట్టాలకి విరుద్ధంగా పనిచేస్తున్న పిల్లల్ని 2015 బాలల న్యాయ చట్టం రక్షణ అవసరమైన పిల్లల కింద లెక్కిస్తుంది. అలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫోటో బయటపెట్టడం 74వ సెక్షన్ ప్రకారం నేరం. బడి అయ్యాక అమ్మకి సాయం చేస్తోందేమో, మీకూ నాకూ తెలియదు. ఏది నిజమో తేలకుండా ఆ ముఖాన్ని గోడకెక్కించడం తగదు. ఫోటో మీ దగ్గరే ఉంచుకుని, ఆ పాప పనికే వస్తోందని తేలితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చేయండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఉంటున్నాం. మావారు పనికి వెళ్లాక చుట్టుపక్కల ద్రాక్ష తోటల్లో మెక్సికన్ కూలీల ఫోటోలు తీయాలని ఉంది. డొరోథియా లాంగే 'మైగ్రెంట్ మదర్' ఆ రాష్ట్రంలోనే తీశారట కదా? పరాయి దేశంలో నేనెలా మొదలుపెట్టాలి?
- గృహిణి, ఫ్రెస్నో

జవాబు: అవును, సముద్రం వైపున్న నిపోమోలో. 1936 మార్చిలో అక్కడ బఠాణీ పంట చలికి దెబ్బతిని, కోతకి వచ్చిన కూలీలు పనిలేక గుడారాల్లో ఉండిపోయారు. లాంగే ప్రభుత్వ ఉద్యోగి, పల్లెల దుస్థితిని ఫోటోలు తీయడం ఆమె పని. ఒక తల్లినీ పిల్లల్నీ దగ్గరికి జరుగుతూ జరుగుతూ కొద్ది నిమిషాల్లో ఆరేడు ఫోటోలు తీసి వెళ్లిపోయింది, పేరు కూడా అడగలేదు. చివరిది ప్రపంచమంతా తెలిసిన ఫోటో అయింది. చెంపకి చెయ్యి ఆనించిన తల్లి, ముఖాలు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్లో పసిబిడ్డ. పత్రికలో వచ్చాక ఆ శిబిరానికి 20,000 పౌండ్ల ఆహారం చేరింది. అప్పటికి ఆ కుటుంబం అక్కణ్నుంచి వెళ్లిపోయింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో వల్ల తనకి పైసా దక్కలేదన్న కోపం ఆమెకి ఉండేది. 1983లో ఆమె జబ్బుపడి, పిల్లలు సాయం కోరినప్పుడు ఆ ఫోటోని గుర్తుపెట్టుకున్న జనం విరాళాలు పంపారు. ఫోటో చేసిన మేలూ, మిగిల్చిన బాకీ రెండూ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి. దగ్గరికి జరగడం లాంగే దగ్గర నేర్చుకోండి. పేరు అడగడం మీరు చేర్చుకోండి.

మీ తోటల సంగతి. కిస్‌మిస్ చేసే ద్రాక్షని ఆగస్టు, సెప్టెంబరుల్లో కోసి చెట్ల వరసల మధ్య నేల మీద పరిచిన కాగితాలపై ఎండబెడతారు. ఆ కాగితాల నుంచి పైకి లేచే వెలుతురు ముఖాలకి చాలా మంచిది. ఎండ 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కూలీలకి యజమాని నీడ ఏర్పాటు చేయాలని అక్కడ నియమం ఉంది. ఆ గుడారం అంచు మీకు స్టూడియో. భాష స్పానిష్ అనుకుంటారు గానీ, ఓహాకా వైపు నుంచి వచ్చిన చాలామందికి మిష్టెక్ మాతృభాష, స్పానిష్ వాళ్లకీ రెండో భాషే. వాళ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యం, చాలామందికి ఆ దేశంలో ఉండేందుకు అనుమతి కాగితాలు ఉండవు. ఫోటో ఫైలులో ఎక్కడ తీశారో లొకేషన్ నమోదవుతుంది. కెమెరాలోనూ ఫోన్‌లోనూ అది ఆపేయండి. కారు నంబర్లు, తోట పేరు రాసిన బోర్డు ఫ్రేములోకి రానివ్వకండి. ముఖం చూపకుండా చేతులూ టోపీ మాత్రమే చూపమంటే అలాగే తీయండి. ఫోటో ఎవరికి చూపిస్తారో ముందే చెప్పండి, చెప్పిన మాట దాటకండి. మందు కొట్టిన తోటలోకి అసలు వెళ్లకండి. గేటు దగ్గర హెచ్చరిక బోర్డు ఉంటే అది చదివే అడుగు పెట్టండి.

ప్రశ్న: కల్లం దగ్గరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ సెన్సర్ మీద మచ్చలు.
- ఖమ్మం

జవాబు: అక్కడ లెన్స్ మార్చకండి. ఏ లెన్స్‌తో వెళ్లారో దాంతోనే రండి. మిరప దుమ్ము పడ్డ కెమెరాని నోటితో ఊదితే తుంపర్లు పడి దుమ్ము అతుక్కుపోతుంది, రబ్బరు బ్లోయరు వాడండి. తిరిగొచ్చాక చేతులు కడుక్కోకుండా కళ్లు నులుముకోవద్దు.

ప్రశ్న: మా దగ్గరికి మిర్చి కోతకి ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ కుటుంబాలు వస్తాయి. వాళ్ల ఫోటోలు తీశాను. ప్రింట్లు ఇద్దామనుకునేసరికి సీజన్ అయిపోయి వెళ్లిపోయారు. ఈ ఫోటోలకి కింద ఏం రాయాలో కూడా తెలియడం లేదు.
- ఆరోగ్య కార్యకర్త, భద్రాచలం

జవాబు: అదే ముఠా ఏటా అదే రైతు దగ్గరికి వచ్చే అవకాశం ఎక్కువ. రైతు దగ్గర మేస్త్రి ఫోన్ నంబరు ఉంటుంది, అడిగి చూడండి. ప్రింట్లు వేయించి, వెనక పేర్లు రాసి కవర్లలో ఉంచండి. వచ్చే ఏడాది కోతల మొదట్లోనే ఇవ్వండి, అప్పటికి మీరు కొత్తవారు కారు. ఈ ఒక్క పని ఏ లెన్స్ తేలేని తేడా తెస్తుంది. ఇచ్చిన ప్రింట్లని గుంపుగా చూసుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకునేటప్పుడు వచ్చే ముఖాలు మళ్లీ దొరకవు. కోయ భాష వచ్చిన స్థానికులు ఎవరైనా మీతో ఉంటే ఇంకా మంచిది.

రాతకి కనీసం నాలుగు సంగతులు కావాలి. పేరు, చేసే పని, ఊరు, నెలా సంవత్సరమూ. పేరు, ఊరు వాళ్లు రాయమంటేనే. "ఒక గిరిజన మహిళ" అని మాత్రం రాయకండి. మన పాత్రికేయుడు పి. సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తిరిగి ఆడవాళ్ల పని మీద తీసిన ఫోటోల ప్రదర్శన ఒకటుంది, 'విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్' అని. అందులో ఫోటో పక్క రాత ఆ పని బరువెంతో చెబుతుంది, చూసేవాళ్లని జాలి దగ్గర ఆగనివ్వదు. 2014లో ఆయన మొదలుపెట్టిన 'పరి' వెబ్‌సైట్‌లో ప్రతి జిల్లా నుంచీ ముఖాలు పోగుచేసే 'ఫేసెస్' అన్న విభాగం ఉంది. పేరూ వృత్తీ ఊరూ ఎంత క్లుప్తంగా రాయొచ్చో అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

ప్రింటు నాలుగు ఇంటు ఆరు అంగుళాలు చాలు, మనిషికొకటి, గుంపు ఫోటో అయితే ఎంతమంది ఉంటే అన్ని. మ్యాట్ కాగితం మీద వేయించండి. గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి, గుడిసెల్లో తేమకి ఒకదానికొకటి అంటుకుపోతాయి. లామినేషన్ చేయిస్తే మూట కట్టుకుని ఊరికి తీసుకెళ్లినా చెడిపోవు.